లీడరమ్మ చేతిలో కత్తి

తిరుపతిలో పాత పుస్తకాల అంగట్లో 150 రూపాయలిచ్చి తీసుకున్నా దీన్ని. 'ది మెలంకలీ ఆఫ్ హరుహి సుజుమియా', ఇంగ్లీషు అనువాదం. నగారు తనిగావా రాసిన ఈ నవల జపానులో 2003లో వచ్చింది. "ఒక్క గీత కూడా ల్యా సార్, కొత్తదే" అన్నాడు అంగడాయన. చిత్తూరు బస్సెక్కి తెరిస్తే, క్లాసు లీడరు అసకురా పేరు పక్కనే పెన్సిలుతో "ఈ పాపను నమ్మొద్దు" అని రాసుండాది! అందుకే, కథంతా చెప్పేస్తున్నానని నన్ను తిట్టుకోవద్దు. నన్ను ముంచినాయన వేరే ఉండాడు.

హైస్కూల్లో చేరిన రోజే హరుహి లేచి, మామూలు మనుషులతో నాకు పనిలేదు, వేరే గ్రహాలవాళ్లు, భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్లు, వేరే లోకాలవాళ్లు, అతీత శక్తులున్నవాళ్లు ఉంటే నా దగ్గరికి రండి అంటుంది. వేరే లోకం మనిషి ఈ పుస్తకంలో రాడు. మిగతా మూడు రకాలవాళ్లూ ఆమె క్లబ్బులోనే చేరి, ఆమెకు తెలీకుండా ఆమెనే కనిపెట్టుకుని ఉంటారు.

అసలు దెబ్బ మాత్రం క్లబ్బు బయటినుంచి పడుతుంది. సాయంత్రం ఖాళీ క్లాసురూముకు రమ్మని, ఈ కథ చెప్పే హరుహి క్లాసుమేటు క్యోన్‌కు చీటీ. పోతే అసకురా. నవ్వుతానే మాట్లాడుతుంది, నవ్వుతానే కత్తి తీస్తుంది. నువ్వు చస్తే హరుహి ఏం చేస్తుందో చూడాలంట! తలుపులు, కిటికీలు గోడల్లో కలిసిపోతాయి. పెన్సిలాయన ముందే చెప్పినా నా చేతులు చల్లబడినాయి. చంద్రగిరి ఎప్పుడు దాటిందో తెలీలా.

ఎనిమిదిలో నేను చిత్తూరు నుంచి తిరుపతి బడికి మారినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, క్యారియర్లో పులిహోర పంచింది మా క్లాసు లీడరే. హాఫియర్లీలో నా దగ్గర చిట్టీ ఉందని సారుకు చెప్పిందీ వాడే. అందుకేనేమో, ఆ నవ్వు నాకు జపాన్‌దిగా అనిపించలా.

క్యోన్‌ను కాపాడేది, క్లబ్బులో ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చి, పలకరించినా పలకని నగాతో. ఆమె కూడా అసకురా మాదిరే ఈ గ్రహం మనిషి కాదు. ఒళ్లంతా గాయాలు మాన్పుకుని, తన కళ్లద్దాలు మళ్లీ చేసుకోవడం మాత్రం మరిచిపోతుంది. పుస్తకం మొత్తానికి నాకు నచ్చిన చోటు అదే.

నచ్చనివీ ఉండాయి. క్లబ్బులోని అసాహినా అనే పాపకు బలవంతంగా వేషాలు వేయించే చోట నాకు నవ్వు రాలేదు. అదే క్లబ్బులోని కొయిజుమి ఉపన్యాసం సాగుతానే ఉంటుంది. అసకురా కెనడాకు వెళ్లిపోయిందని మర్నాడు క్లాసులో చెప్పేస్తారు, అంతే. అంత కత్తికి ఇంత చిన్న ఒరా?

పెన్సిలు రాత రబ్బరుతో తుడిచి మా అక్క కొడుక్కిచ్చినా. నిన్న ఫోన్ చేసి, "మామా, ఆ లీడరు పాప ఎంత మంచిదో కదా" అన్నాడు. ఊఁ అన్నా.