సెకండ్‌హ్యాండ్ ఏరాక్స్ 155: కొనేముందు ఎడమ పక్క మూత తీయించండి

మ్యాక్సీ స్కూటర్ అంటే మన దగ్గర పాత బళ్ల అంగళ్లలో ముఖ్యంగా కనబడేవి రెండు: సుజుకీ బర్గ్‌మన్ స్ట్రీట్, యమహా ఏరాక్స్ 155. రెండూ లావుపాటి బళ్లే గానీ లోపల పోలిక లేదు. బర్గ్‌మన్‌ది గాలికి చల్లబడే 125 సీసీ ఇంజిన్, 8.7 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత). 2022 డిసెంబరులో ఈఎక్స్ మోడల్ వచ్చేదాకా దాని వెనక చక్రం 10 అంగుళాలే, గుంతలో పడితే నడుముకి తెలుస్తుంది. ఊళ్లో తిరగడానికి అది చాలు. ఏరాక్స్‌ది లిక్విడ్ కూలింగ్ (కూలెంట్ అనే ద్రవంతో చల్లబరచడం) ఉన్న 155 సీసీ ఇంజిన్, 15 పీఎస్, ముందూ వెనకా 14 అంగుళాల చక్రాలు, బరువు 126 కిలోలు. వారమంతా ఆఫీసుకి తిరిగి, నెలకోసారి శ్రీశైలమో సూర్యలంకో పోవాలనుకునేవాళ్లు కొనాల్సింది ఏరాక్సే. అయితే ఏ ఏరాక్స్ కొంటున్నారు అన్నదే అసలు సంగతి.

ముందు ఈ బండి మీ ఇంటికి సరిపోతుందో లేదో చూసుకోండి. పెట్రోల్ ట్యాంకు కాళ్ల మధ్య ఉంటుంది కాబట్టి మామూలు స్కూటర్‌లా కాళ్ల దగ్గర ఖాళీ ఉండదు. గ్యాస్ బండ పెట్టుకోలేరు, బియ్యం బస్తా పెట్టుకోలేరు. చీర కట్టుకుని నడపడం కష్టం. సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, పైగా వెడల్పు ఎక్కువ కావడంతో పొట్టివాళ్లకి సిగ్నల్ దగ్గర మునివేళ్లే ఆనతాయి. దానికి బదులు సీటు కింద 24.5 లీటర్ల డిక్కీ ఉంది. ఇంట్లో ఇంకెవరైనా నడిపేట్టయితే వాళ్లని కూడా తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి.

ఈ బండి 2021 సెప్టెంబరులో 1,29,000 రూపాయల ఎక్స్ షోరూం ధరతో వచ్చింది. 2023 ఏప్రిల్‌లో వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ చేరింది, ఇంజిన్‌ని ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి తగ్గట్టు మార్చారు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఎక్కువగా ఈ20యే కాబట్టి, ధరలో తేడా కొద్దిదే అయితే 2023 తర్వాతి బండికే నా ఓటు. 2024లో వచ్చిన వెర్షన్ ఎస్‌కి స్మార్ట్ కీ (జేబులో ఉంటే చాలు, తిప్పక్కర్లేని తాళం) ఉంటుంది. అమ్మేవాళ్ల దగ్గర రెండు తాళాలూ లేకపోతే కొత్తదాని ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఇంకో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. "నేను కొన్నప్పటి ఆన్ రోడ్ ఇంత" అని అమ్మేవాళ్లు లెక్క మొదలుపెడితే ఒప్పుకోవద్దు. ఇవాళ్టి కొత్త బండి ధర నుంచే కిందికి లెక్కేయండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పి, వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉండాలి. దీనికి కిక్ లేదు, విడిగా సెల్ఫ్ మోటారు కూడా లేదు. జనరేటరే ఇంజిన్‌ని తిప్పుతుంది కాబట్టి గిర్రుమన్న చప్పుడు లేకుండా మెత్తగా అందుకోవాలి. నీరసంగా తిరిగితే బ్యాటరీ పని అయిపోయినట్టే. సిగ్నల్ దగ్గర తానే ఆగి తానే అందుకునే స్టాప్ అండ్ స్టార్ట్ కూడా బ్యాటరీ దిగితే పని చేయదు. నీలం పొగ వచ్చిందంటే ఆయిల్ మండుతోంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే కూలెంట్ లోపలికి దిగింది, ఆ బండి వద్దు.

రేడియేటర్ ఇంజిన్‌కి కుడి పక్కన ఉంటుంది. ప్లాస్టిక్ జాలీ సందుల్లోంచి టార్చి వేసి చూస్తే రెక్కల మధ్య బురద పేరుకుందో లేదో తెలుస్తుంది. ఆ పక్కనే వాటర్ పంప్ కింద తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఎండిపోయిన చార ఉంటే సీల్ కారుతోందన్నమాట. కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోసి నడిపిన బళ్లలో లోపల తుప్పు మొదలవుతుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయొద్దు.

ఇక ఎడమ పక్క. ఏ స్కూటర్‌కైనా అమ్మేవాళ్లు చూపించనిదీ, కొన్నాక మీ జేబుకి చిల్లు పెట్టేదీ ఈ బెల్టు పెట్టె. ఇంజిన్ తిప్పుడుని వెనక చక్రానికి చేర్చే బెల్టు, పుల్లీలు, క్లచ్ ఇందులోనే ఉంటాయి. తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి మూత తీయించండి. దీనికి ఒప్పుకోని మనిషి దగ్గర బండి కొనొద్దు.

మూత తీయగానే సన్నటి నల్లపొడి కనిపిస్తే కంగారు లేదు, బెల్టు అరుగుదల అది. ఆ పొడి జిడ్డుగా చేతికి అంటుకుంటే మాత్రం ఏదో ఒక ఆయిల్ సీల్ పోయింది. బెల్టుని వెనక్కి వంచి పళ్ల సందుల్లో చూడండి, వెంట్రుకంత పగులున్నా కొత్తది వేయాల్సిందే. పగుళ్లు లేకపోయినా 20 వేల కిలోమీటర్ల దగ్గర బెల్టుని మార్చాల్సిన వస్తువుగానే లెక్కేసుకోండి. హైవే మీద తెగితే బండి అక్కడే ఆగిపోతుంది, తెగిన ముక్కలు చుట్టుకుని పక్క సామాను కూడా పాడవుతుంది. ముందు పుల్లీలో ఆరు రోలర్లుంటాయి. వేళ్ల మధ్య దొర్లించి చూస్తే మంచిది గుండ్రంగా సాగిపోతుంది, అరిగినది ఒక పక్క చదునై టక్కున ఆగుతుంది. అలాంటివి ఒకటి రెండున్నా ఆరూ మార్చాలి. లేకపోతే 40, 50 స్పీడులో బండి పట్టీ పట్టనట్టు పోతుంది. చివరిగా క్లచ్ బెల్ (క్లచ్ మీద గిన్నెలా ఉండే ఇనప మూత) లోపలి అంచు చూడండి. నీలం మచ్చలుంటే బాగా వేడెక్కింది. ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ల బండి ఇలా అవుతుంది. ఆ బెల్‌ని లోపలి నుంచి పట్టుకునే క్లచ్ షూలు గాజులా మెరుస్తుంటే కదిలేటప్పుడు 10, 20 స్పీడులో బండి వణుకుతుంది. గరుకు కాగితంతో రుద్దితే వణుకు కొన్నాళ్లు పోయి మళ్లీ వస్తుంది. అమ్మే ముందు రోజు అలా రుద్దించేవాళ్లు ఉంటారు కాబట్టే మూత తీసి కళ్లతో చూడమనేది.

ఇప్పుడు నడపండి. తాళం తిప్పగానే ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి, బండి కదిలి కాస్త స్పీడు అందుకోగానే ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సర్ సమస్య. అసలు వెలగనే లేదంటే సమస్యని దాచడానికి ఎవరో చెయ్యి పెట్టారని అనుమానించండి. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర మీటర్లో వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే ఏర్పాటు) గుర్తు వెలుగుతుంది, లాగుడు తగ్గకుండా సాగాలి. ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు పెరగకపోతే బెల్టో క్లచ్చో జారుతోంది. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో చిన్న గాడిలో పడి ఆగినట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ముందు ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉందా అని వేలితో రాసి చూడండి. బ్రేక్ లివర్ల కొసలు, హ్యాండిల్ చివరి బరువులు గీసుకుపోయి ఉంటే బండి పడిందన్నమాట. నిలబెట్టినప్పుడు పడితే పరవాలేదు, ముందు చక్రం తిన్నగా ఉండీ హ్యాండిల్ వంకరగా ఉంటే వదిలేయండి.

మీటర్ రీడింగ్‌ని నమ్మడం కంటే షోరూంలో ఛాసిస్ నంబరు చెప్పి సర్వీసు చరిత్ర అడగడం మేలు. టైరు గోడ మీద 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారైందని అర్థం. 9 వేలు తిరిగిందని చెప్పే 2021 బండికి 2024 టైర్లుంటే ఎందుకు మార్చారో అడగండి.

దూరాలకి ఈ బండి ఇచ్చే సుఖం నిజం, లోటూ నిజం. 80, 90 స్పీడులో గంటల తరబడి అలుపు లేకుండా పోతుంది. లోటల్లా 5.5 లీటర్ల ట్యాంకు. లీటరుకి 40 అటూ ఇటూ వస్తుంది కాబట్టి 150 దాటగానే బంకు వెతుక్కోవాలి. హైదరాబాద్ నుంచి బెజవాడకైతే సూర్యాపేటలో నింపుకుంటే చాలు. శ్రీశైలానికైతే మన్ననూరు చెక్‌పోస్టుకి ముందే నింపుకోండి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడ గేటు వేస్తారు. ఘాట్ దిగేటప్పుడు స్పీడు మరీ తగ్గిపోతే క్లచ్ వదిలేసి ఇంజిన్ పట్టు పోతుంది, అందుకని యాక్సిలరేటర్‌ని కొద్దిగా తాకిస్తూ, ముందు డిస్కునీ వెనక డ్రమ్మునీ కలిపి వాడాలి. వెనక షాకులు గట్టివి, ఒక్కరే పోతే గతుకులు కొడతాయి. 155 సీసీ కదా అని హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు ఎక్కొద్దు, అక్కడ టూ వీలర్లకి ప్రవేశం లేదు.

కాగితాల్లో బండిని మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో అప్పు తీరిందని చూపే ఫారం 35, పాత చలానాలన్నీ కట్టిన రుజువు చూసుకోండి. తెలంగాణ బండిని ఆంధ్రాకి మార్చాలంటే ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి, అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ పడుతుంది, దాన్ని ధరలో కలుపుకోండి. కొత్త బండితో ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఇస్తారు కాబట్టి 2021 చివర్లో కొన్నదానికి అది 2026 చివరితో అయిపోతుంది. బండి చేతులు మారిన 14 రోజుల్లోగా పాలసీ మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అమ్మినవారిదే, మీకు రాదు.

ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే బెల్టు, రోలర్లు కూడా కొత్తవి వేయించి, ఆ రోజు రీడింగ్‌ని చీటీ మీద రాసి డిక్కీ మూత లోపల అంటించుకోండి.