చిన్న తెలుగు సైటుకు ఏది మేలు: ప్రకటనలా, కమీషన్ లింకులా, సొంత సరుకా?

మిద్దె మీద కూరగాయలు పెంచుకునేవాళ్ల కోసం నాకో చిన్న తెలుగు సైటు ఉంది. రోజుకు నాలుగైదు వందల పేజీ వ్యూలు వస్తాయి, విత్తనాలు వేసే జూన్, జూలైల్లో ఇంకాస్త ఎక్కువ. "దీని మీద ఏమైనా వస్తుందా అన్నా?" అని కొత్తగా సైటు పెట్టే కుర్రాళ్లు అడుగుతుంటారు. వస్తుంది. అయితే ఏ దారిన వస్తుందనేది సైటు సైజును బట్టి ఉంటుంది. ఆ లెక్క ముందే వేసుకోక, మంచి సైట్లను ఏడాది తిరక్కుండా వదిలేసినవాళ్లను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందరి చూపూ మొదట పడేది యాడ్‌సెన్స్ మీదే, అంటే మన సైటులో ప్రకటనలు వేసి మనకు డబ్బిచ్చే గూగుల్ సేవ. తెలుగు సైట్లకు 2018 నుంచి అది అందుబాటులో ఉంది. ప్రకటనదారు పెట్టే డబ్బులో దాదాపు 68 శాతం సైటు యజమానికి వస్తుంది. 2024 నుంచి క్లిక్కుల మీద కాకుండా ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్కన కడుతున్నారు. ఖాతాలో 10 డాలర్లు చేరాక, అడ్రసు నిజమా కాదా చూసుకోవడానికి ఇంటికి పోస్టులో ఒక పిన్ పంపుతారు. ఆ కవరు వచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే. గేటు దగ్గర పోస్ట్‌మ్యాన్ పేరు పెట్టి పిలిస్తే, చేతులకు మట్టి ఉండగానే మిద్దె దిగి పరిగెత్తాను. అంచులు చించితే లోపల ఆరంకెలు. ఇంటిల్లిపాదికీ చూపించాను. 100 డాలర్లు నిండితేగానీ బ్యాంకులో డబ్బు పడదన్న సంగతి ఆ సంబరంలో పట్టించుకోలేదు.

ఆ 100 డాలర్లనే కొలతగా పెట్టుకుందాం. మన డబ్బులో అటూ ఇటుగా 9 వేలు అనుకోండి. తెలుగు పేజీకి వెయ్యి వ్యూలకు అర డాలరు వస్తుందనుకుంటే, 2 లక్షల వ్యూలు కావాలి. రోజుకు 500 చొప్పున 400 రోజులు. అదే 9 వేలు కమీషన్ లింకుల మీద, అంటే మన లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే అమ్మినవాళ్లు మనకిచ్చే వాటా మీద, రావాలంటే? 600 రూపాయల కొమ్మల కత్తెర మీద 5 శాతం ఇస్తారనుకుంటే ఒక్కో దానికి 30 రూపాయలు, అంటే 300 మంది కొనాలి. నేనే తయారు చేసిన 99 రూపాయల సరుకు ఏదైనా ఉంటే 91 మంది చాలు. ఇవి నేను వేసుకున్న అంచనా రేట్లే, మీ సైటులో మారతాయి. కానీ రేట్లు కాస్త అటూ ఇటూ అయినా చిన్న సైటు విషయంలో వరస చాలావరకు ఇలాగే వస్తుంది. 2 లక్షల వ్యూల కోసం ఎదురుచూడటం కంటే, అదే 2 లక్షల వ్యూల్లో 91 మందిని ఒప్పించడం తేలిక.

ప్రకటనల్లో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, వేప కషాయం కాచే పద్ధతి రాసిన పేజీ కిందే ఘాటైన పురుగుమందు ప్రకటన కనిపించడం. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ రకం ప్రకటనలను ఆపుకోవచ్చు, మొదటి వారంలోనే ఆ పని చేయండి. రెండోది ఇంకా పెద్దది. "చిక్కుడు విత్తనం ఎప్పుడు వేయాలి" లాంటి ప్రశ్నకు ఇప్పుడు గూగుల్ సెర్చ్ పేజీలోనే ఏఐ జవాబు కనిపిస్తోంది. 2024 ఆగస్టులో మన దేశంలో ఇది మొదలైంది. జవాబు అక్కడే దొరికాక మన పేజీదాకా రావాల్సిన పని చదివేవాళ్లకు ఉండదు. వ్యూలను నమ్ముకున్న ఆదాయానికి ఇది నేరుగా తగిలే దెబ్బ. ఒక ఊరట ఏమిటంటే, ప్రకటన ధర చూసే మనిషి ఏ దేశంలో ఉన్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పెరట్లో గోంగూర వేసుకునే మనవాళ్లు చదివితే అవే వ్యూలకు ఎక్కువ వస్తుంది. వాళ్లకు మంచు వెళ్లాకే విత్తనం వేయాలి కాబట్టి, వాళ్ల కోసం విడిగా రాయాలి.

అన్నట్టు, చుట్టాలకు లింకు పంపి "ఓ నాలుగు ప్రకటనలు నొక్కండి" అనకండి. అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా మూతపడుతుంది.

కమీషన్ లింకుల దగ్గర నాకు గట్టి పాఠమే దొరికింది. గ్రో బ్యాగుల (మొక్కలు పెంచే సంచుల) మీద రాస్తూ, చవగ్గా కనిపించిన ఒక రకానికి లింకు పెట్టాను. మందం ఎంతో దాని పేజీలో లేదు, నేనూ వాడి చూడలేదు. మే నెలలో ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్ చేశారు. "బాబూ, నువ్వు చెప్పావనే పన్నెండు సంచులు తెప్పించుకున్నా. వంకాయ కాపు మీదుండగా కుట్ల దగ్గర పిగిలిపోయాయి. మట్టంతా మిద్దె మీదే ఉంది" అన్నారు. ఆవిడ కోప్పడలేదు, అందుకే ఇంకా బాధేసింది. నాకు వచ్చిన కమీషన్ ఆవిడ ఆ మట్టి ఎత్తించడానికి పెట్టిన కూలికి కూడా సరిపోదు. అప్పటినుంచి కనీసం ఒక ఎండాకాలం నా మిద్దె మీద నిలబడిన వస్తువుకే లింకు. ఎండకు తట్టుకునేలా చేసినవై, 220 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందన్న లెక్క) పైన మందమున్న సంచులే చెబుతాను. దాంతో లింకుల సంఖ్య పదిలోపుకు దిగింది, ఆదాయమూ దిగింది. పర్వాలేదనిపించింది.

ఈ దారిలో దిగేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అమెజాన్ లింకు నొక్కినవాళ్లు 24 గంటల్లోపు కొంటేనే సాధారణంగా కమీషన్ వస్తుంది. కొత్త ఖాతాకు 180 రోజుల్లో కనీసం మూడు ఆర్డర్లు రావాలి. మన లింకుతో మనమే కొనుక్కోకూడదు. ఆ లింకులను పీడీఎఫ్‌లో పెట్టకూడదు. ఇది తెలియక చాలామంది ఈబుక్కుల నిండా పెట్టేస్తారు. కమీషన్ వస్తుందన్న మాట పేజీలో కనబడేలా రాయాలి. నేను పేజీ మొదట్లోనే రాస్తాను. దాచాల్సిన పని కాదు కదా.

ఇక సొంత సరుకు. నా మొదటి ఆలోచన విత్తనాలు. నాటు బెండ, పొట్టి చిక్కుడు ప్యాకెట్లు కట్టి అమ్ముదామనుకున్నాను. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనాల వ్యాపారానికి లైసెన్సు కావాలని తెలిశాక ఆగిపోయాను. బదులుగా నెలనెలా ఏం విత్తాలి, ఏది ఎప్పుడు కత్తిరించాలి, పేనుబంక, పిండినల్లి ఏ వాతావరణంలో వస్తాయి అన్నది పన్నెండు పేజీల క్యాలెండర్‌గా చేశాను. పీడీఎఫ్, 99 రూపాయలు, యూపీఐ కోడ్ ఒకటి. యూపీఐ మీద కోత లేదు కాబట్టి 99కి 99 చేతికొస్తుంది. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే కార్డుల మీద 2 శాతం చొప్పున, దాని మీద జీఎస్టీ పోతుంది.

పీడీఎఫ్ అమ్మిన మూడో రోజే వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలైంది. రెండ్రోజులు మనసు బాగోలేదు. తర్వాత ఆలోచిస్తే తట్టింది: క్యాలెండర్‌ను ఫార్వర్డ్ చేయొచ్చు, జవాబును చేయలేరు. కొన్నవాళ్లతో ఏడాది గ్రూపు పెట్టాను. ముడుచుకున్న మిరపాకు ఫొటో పెడితే, ఆకు అడుగు వైపు తిప్పి ఇంకో ఫొటో తీయమని అడుగుతాను. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చాలావరకు ఆ రెండు ఫొటోల్లోనే తేలిపోతుంది. సెర్చ్ పేజీలోని ఏఐ జవాబు వాళ్ల మిద్దె మీది కుండీని చూడలేదు. ఇప్పుడు జనం కడుతున్నది దీనికే.

దీనికయ్యే ఖర్చు నా టైము. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా గ్రూపుకే. పెళ్లికి వెళ్లినా జవాబులు ఆగవు. ఉద్యోగం చేసుకుంటూ, చిన్నపిల్లలున్నవాళ్లకు ఇది భారమే. గ్రూపు పెట్టే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి. ఇంకోటి, నెలవారీ చందా జోలికి వెళ్లకండి. 2021 అక్టోబరు నుంచి ఆటోమేటిక్ కోతలకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు బిగుసుకున్నాయి, ముందు అనుమతి తీసుకోవాలి, ప్రతి కోతకూ ముందు మెసేజ్ వెళ్లాలి. మనవాళ్లకు ఏడాదికోసారి ఒకేసారి కట్టడమే అలవాటు, నాకూ అదే సుఖం.

నాలుగో దారి కూడా ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు: దగ్గరి వ్యాపారి దగ్గర నేరుగా ప్రకటన తీసుకోవడం. కడియం నర్సరీ యజమానికైనా, ఊళ్లో వర్మీకంపోస్ట్ అమ్మేవాళ్లకైనా లక్షమంది అక్కర్లేదు, మొక్కలు పెంచే ఐదొందల మంది కావాలి. నెలకు వెయ్యి అడిగినా, యాడ్‌సెన్స్ మీద నెలకు పడేదానికంటే అది ఎక్కువే. ప్రకటన అని స్పష్టంగా రాయండి, లింకుకు 'స్పాన్సర్డ్' గుర్తు పెట్టండి. కాకపోతే అడగడానికి మొహమాటం విడవాలి.

కాబట్టి నా వరకు వరస ఇది: ముందు సొంత సరుకు, తర్వాత దగ్గరి వ్యాపారి ప్రకటన, తర్వాత వాడి చూసిన వస్తువులకే లింకులు, చివర్న యాడ్‌సెన్స్. మీది ఉద్యోగ నోటిఫికేషన్లో, పరీక్షా ఫలితాలో ఇచ్చే సైటయితే దీన్ని తిరగేసుకోండి. అక్కడ రోజుకు వేలమంది వచ్చి నిమిషంలో వెళ్లిపోతారు, మీతో వాళ్లకు మాటే ఉండదు, ప్రకటనలే దిక్కు.

ఈ జూన్‌కు కోస్తా జిల్లాల క్యాలెండర్ విడిగా చేస్తున్నాను. అక్కడి ఉక్కపోతకు బూడిద తెగులు తేదీలు హైదరాబాద్ వాటితో కలవడం లేదని కాకినాడవాళ్లు గ్రూపులో ఏడాదంతా చెబుతూనే ఉన్నారు.