ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా హోంవర్క్: పక్కన కూర్చోవాలా, ట్యూషన్ పెట్టాలా, ఫోన్ ఇవ్వాలా?

ఐదో తరగతి దాకా పిల్లల హోంవర్క్ మన చేతిలోనే ఉంటుంది. ఆరులోకి రాగానే పద్ధతి మారిపోతుంది. సబ్జెక్టుకో టీచర్ వస్తారు, ఒకరు ఎంత ఇచ్చారో ఇంకొకరికి తెలియదు. తెలంగాణ సర్కారు బడుల్లో హిందీ కొత్తగా మొదలవుతుంది, కొన్ని ప్రైవేటు బడుల్లో ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం అదనంగా వచ్చి పడుతుంది. పదకొండేళ్ల పిల్ల పక్కన కూర్చుంటే విసుక్కుంటుంది, లేచి వెళ్తే పుస్తకం మూసేస్తుంది. ట్యూషన్ పెడదామా, మనమే చూసుకుందామా అని ఇంట్లో చర్చ మొదలయ్యేది ఇక్కడే. ఈ మధ్య ఈ చర్చలోకి ఫోన్ కూడా వచ్చింది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ మూడు తరగతులకీ ఒక వేళ పెట్టి, దగ్గరలో ఉండి, పుస్తకం మీద చెయ్యి వేయకుండా ఉండడమే మేలు. కొన్ని ఇళ్లకి ట్యూషన్ తప్పదు, వాళ్లని తప్పుపట్టను. నాకు ఎక్కువ అనుమానం ఉన్నది పక్కన కూర్చుని దగ్గరుండి చేయించడం మీదే, అందులోనూ లెక్కల్లో.

ఇది నా ఒక్కదాని గొడవే అయితే పట్టించుకోనక్కర్లేదు. 2008లో ఎరికా పటాల్, హారిస్ కూపర్‌ల పరిశోధక బృందం అమెరికాలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని కలిపి చూసింది. అమ్మానాన్నలు హోంవర్క్‌లో కలగజేసుకున్నప్పుడు చిన్న తరగతుల్లో, హైస్కూల్లో ఫలితం కాస్త మంచిగానే కనిపించింది, ఈ రెండింటికీ మధ్యనున్న ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో మాత్రం తిరగబడింది. లెక్కలకీ అంతే. అన్నిటికంటే మెరుగ్గా కనిపించిన పని ఇంట్లో హోంవర్క్‌కి ఒక నియమం పెట్టడం. మరుసటి ఏడాది నాన్సీ హిల్, డయానా టైసన్ ఈ నడిమి తరగతుల పిల్లల మీదే చేసిన విశ్లేషణ కూడా ఇదే వైపు మొగ్గింది. చదువు ఎందుకో, ముందుముందు ఏం కావాలనుకుంటున్నారో పిల్లలతో మాట్లాడే ఇళ్లలో ఫలితాలు బాగున్నాయి, హోంవర్క్‌లో సాయం చేయడం మాత్రం అందుకు ఎదురుగా నిలిచింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆస్పత్రిలో రోగులే ఉంటారు, అంతమాత్రాన ఆస్పత్రి వల్లే రోగం వచ్చిందనం. వెనకబడ్డ పిల్లల పక్కనే అమ్మానాన్నలు ఎక్కువ కూర్చుంటారు కాబట్టి ఆ లెక్క కొంత అలా కూడా వచ్చి ఉండొచ్చు. పైగా అవి అమెరికా ఇళ్లు. అయినా మన ఇళ్లలో జరిగేది చూస్తే ఆ మాట కొట్టిపారేయబుద్ధి కాదు.

నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా కూతురి పక్కన కూర్చుంటాడు. పుస్తకంలో x + 7 = 12 అని ఉంటుంది. బళ్లో రెండు వైపులా 7 తీసేయమని నేర్పారు. నాన్నకి అంత ఓపిక లేదు. "ఏడుని అటు పంపు బిడ్డా, అటు పోతే ప్లస్ మైనస్ అయితది, అంతే" అంటాడు. "మా మేడమ్ అట్ల చెప్పలే నాన్నా" అంటుంది పిల్ల. "ఎట్ల చేసినా అదే వస్తది, రాయి." రాస్తుంది, జవాబు కూడా సరిగ్గానే వస్తుంది. రెండు లెక్కల తర్వాత 2x = 10 వస్తుంది. అటు పోతే మైనస్ కదా, 10 లోంచి 2 తీసేసి x = 8 అని రాస్తుంది. నాన్న అప్పటికి కాల్‌లో ఉంటాడు, లేదంటే అరుస్తాడు. నాన్న చెప్పింది అబద్ధం కాదు. కానీ అర్థం తెలిసినవాడికి అది దగ్గరి దారి, తెలియని పిల్లకి అక్కరకు రాని మంత్రం. పక్కన కూర్చుని చేయిస్తే తెలియకుండానే ఇలాంటి మంత్రాలే అందిస్తాం, ఎందుకంటే మనకి ఆ రాత్రి పేజీ పూర్తి కావడం ముఖ్యం. ఇంకో నష్టం టీచర్‌కి. నోట్సంతా తప్పుల్లేకుండా వెళ్తే, ఈ పాఠం పిల్లకి ఎక్కలేదని ఆమెకి తెలిసే దారి ఉండదు.

మరి దగ్గరలో ఉండి చెయ్యి పెట్టకపోవడం అంటే? వదిలేయడం కాదు. వ్యాన్ దిగేసరికి ఐదవుతుంది. ఏదో ఒకటి తిని, కిందికి వెళ్లి ఆడుకుని, ఆరున్నరకి కూర్చోవాలి. ఆ వేళ రోజూ ఒకటే కావాలి, సీరియల్‌ని బట్టి, చుట్టాలని బట్టి జరగకూడదు. మన చేతిలో కూడా ఏదో పని ఉండాలి, కూర తరుక్కోవడమో, ఇంటి లెక్కలు రాసుకోవడమో. పిల్ల ఆగినచోట జవాబు చెప్పకూడదు, ప్రశ్న వేయాలి. మూడింట రెండుకి నాలుగో వంతు కలపమంటే పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేసి 3/7 అని రాసిందనుకోండి. "తప్పు, మళ్లీ చెయ్" అనకుండా "2/3 అంటే సగం కన్నా ఎక్కువా తక్కువా?" అని అడగండి. ఎక్కువంటుంది. "మరి 3/7?" ఏడులో సగం మూడున్నర కదా, తక్కువే. కలిపితే తగ్గడమేంటి? ఇక ఆమె మొహం చూడండి. 11/12 ఎలా వస్తుందో మనకి గుర్తుండక్కర్లేదు, తన దారి ఎక్కడో తప్పిందని పిల్లకి తెలిసింది, ఆ పూటకి అది చాలు. అప్పటికీ రాకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి లెక్కకి వెళ్లాలి, మర్నాడు టీచర్‌ని అడగాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పద్ధతి ఇంకా బాగా నడుస్తుంది. నానమ్మకి ఇంగ్లిష్ మీడియం సైన్స్ రాకపోవడమే ఇక్కడ లాభం. కిరణజన్య సంయోగక్రియ గురించి ఆమెకి తెలుగులో చెప్పమంటే, పుస్తకంలో వాక్యం బట్టీపట్టిందో అర్థం చేసుకుందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తెలంగాణ రాష్ట్ర సిలబస్ పిల్లలకి ఇంకో వెసులుబాటు ఉంది. 2022–23లో సర్కారు బడులు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియంకి మారినప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో వేశారు, ఎదురెదురు పేజీల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు. తెలుగు మీడియంలో చదివిన అమ్మ ధైర్యంగా ఆ పేజీ తెరిచి పెట్టుకుని ప్రశ్నలు అడగొచ్చు. సీబీఎస్‌ఈ ఇళ్లకి ఈ సౌకర్యం లేదు.

ఒక్క విషయంలో మాత్రం కటువుగా ఉండాలి. డైరీ పిల్లే రాసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి క్లాస్ వాట్సాప్ గ్రూపులో "ప్లీజ్, ఎవరైనా సోషల్ హోంవర్క్ ఫొటో పెట్టండి" అనే అమ్మలు ఎంతమందో! హోంవర్క్ ఎవరిదో అర్థం కాదు. రెండుసార్లు తెలియక వెళ్లి బళ్లో మాట పడితే మూడోసారి పిల్లే రాసుకొస్తుంది.

ఇక ట్యూషన్. కూకట్‌పల్లి అయినా దిల్‌సుఖ్‌నగర్ అయినా, ఏ వీధిలో చూసినా గేటుకో బోర్డు వేలాడుతూనే ఉంటుంది. సాధారణంగా మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ ఒకే హాల్లో చాప మీద కూర్చుంటారు. టీచర్‌కి మొదటి పని పిల్లలందరి హోంవర్క్ పూర్తి చేయించి పంపడం, ఎందుకంటే ఇంట్లో అడిగేది అదే. అందుకని ఫీజు ఎంతో అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. మా వాడికి పోయినేడు భిన్నాలు రాలేదు, అవి మళ్లీ మొదటి నుంచి చెప్తారా, లేక ఇవాళ్టి హోంవర్క్ రాయిస్తారా? రెండోదే అయితే పక్కన కూర్చున్న నాన్న పని డబ్బు తీసుకుని వేరే ఆవిడ చేస్తున్నట్టే, తేడా ఏమీ లేదు. మొదటిదే అయితే, నలుగురైదుగురు పిల్లలే ఉంటే, ట్యూషన్‌కి తిరుగులేదు.

నేను మారు మాట్లాడకుండా ట్యూషన్ వైపు మొగ్గేది రెండుచోట్ల. ఇద్దరూ గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పనిచేస్తూ ట్రాఫిక్ దాటుకుని ఎనిమిదిన్నరకి ఇల్లు చేరేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు లేనివాళ్లు ఒకటి. పిల్లాడు ఖాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చునేకన్నా అక్కడ కూర్చోవడం నయం. రెండోది హిందీ. ఇంట్లో ఎవరికీ రాని భాష ఆరో తరగతిలో అక్షరాల నుంచి మొదలైతే, ఒక్క ఏడాది ఒక్క సబ్జెక్టుకి పెట్టడంలో తప్పేమీ లేదు. అన్ని సబ్జెక్టులకీ కలిపి పదో తరగతి దాకా సాగే ట్యూషన్ మీదే నా అభ్యంతరం. ఆ పిల్లలు ఒక్క గంటైనా సొంతంగా కూర్చుని చదవడం నేర్చుకోరు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. అందుకని బళ్లో చెప్పే టీచరే "సాయంత్రం మా ఇంటికి పంపండి" అంటే కొంచెం ఆలోచించండి. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పదహారేళ్లు నిండనివాళ్లని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దన్నాయి. అయితే అవి 50 మందికి మించిన సెంటర్ల గురించి, వీధి చివరి ట్యూషన్‌కి వర్తించవు.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. లెక్కని ఫొటో తీస్తే మెట్లతో సహా జవాబు ఇచ్చే ఫోటోమ్యాథ్ లాంటి యాప్‌లున్నాయి, వ్యాసం రాసిచ్చే చాట్‌జీపీటీ ఉంది. చాట్‌జీపీటీకి కనీసం పదమూడేళ్లుండాలని దాని నిబంధనల్లోనే ఉంది, మన ఆరో తరగతి పిల్లకి అన్ని లేవు. జవాబు ముందు చూసి తర్వాత లెక్క చేసినవాడికి ఆ లెక్క వచ్చినట్టు కాదు. అయితే వరస మారిస్తే ఇదే ఫోన్ పనికొస్తుంది. ముందు చేసి, తర్వాత సరిచూసుకోవడానికి, అది కూడా అమ్మ ఫోన్లో, హాల్లో. పాఠం అర్థం కాకపోతే పుస్తకం పేజీలోనే ఉన్న క్యూఆర్ కోడ్‌ని కేంద్ర ప్రభుత్వపు దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే పాఠానికి సంబంధించిన వీడియో దొరుకుతుంది. రాష్ట్ర ప్రభుత్వపు టీ-శాట్ టీవీ ఛానెళ్లలోనూ పాఠాలుంటాయి, పైసా ఖర్చు లేదు.

ప్రాజెక్టుల ముచ్చట వేరే. ముందురోజు రాత్రి స్టేషనరీ షాపులో థర్మాకోల్, రంగులు, చార్టులు కొంటున్న నాన్నలని చూస్తే జాలేస్తుంది. మరీ తొందరైతే సౌరకుటుంబం రెడీమేడ్‌గానే దొరుకుతుంది. వంకర గ్రహాలతో పిల్లాడే చేసిన బొమ్మకి రెండు మార్కులు తగ్గుతాయేమో, తగ్గనివ్వండి.

అసలు ఏ పద్ధతీ పని చేయని ఇళ్లు కూడా ఉన్నాయి, అక్కడ లోపం ఇంట్లో ఉండదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకి రోజుకి గంటకి మించి హోంవర్క్ ఉండకూడదంటుంది. బిడ్డ కుదురుగా కూర్చుని చేసినా రోజూ రెండున్నర గంటలు పడుతుంటే ట్యూషన్ పెట్టినా, మనం పక్కన కూర్చున్నా ఆ బరువు తగ్గదు. ఒక వారం పాటు ఏ సబ్జెక్టుకి ఎన్ని నిమిషాలు పట్టిందో పిల్లతోనే డైరీ పక్కన రాయించండి. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కాగితం మీద సంతకం పెట్టి వచ్చేయకుండా క్లాస్ టీచర్ ముందు ఆ డైరీ పెట్టి, "మీ అంచనా ప్రకారం దీనికెంతసేపు పట్టాలి మేడమ్?" అని అడగండి. తన సబ్జెక్టుకి ఇరవై నిమిషాలే అనుకుని ఇస్తున్న టీచర్‌కి, మిగతా నలుగురూ తలా ముప్పై నిమిషాలది ఇస్తున్నారని చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా తగ్గకపోతే గంట దాటగానే పుస్తకం మూయించి, డైరీలో "గంట చేసింది, మిగతాది ఆపించాను" అని రాసి సంతకం పెట్టి పంపండి.