సిన్సిని, డీగ్, భరత్‌పూర్: మూడు రోజులు, ఒక మేనరికం గొడవ

ఆగ్రా వెళ్ళినవాళ్ళు తాజ్ చూసి, ఓపికుంటే ఫతేపూర్ సిక్రీ కూడా చూసి రైలెక్కేస్తారు. సిక్రీ దాటి ఇంకో అరగంట వెళ్తే రాజస్థాన్, భరత్‌పూర్. డిసెంబర్లో నేను, మా ఆవిడ అక్కడ మూడు రోజులున్నాం. అందరూ పక్షుల కోసం వెళ్తారు, నాకేమో ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన సిన్సిన్వార్ జాట్ల (జాట్లంటే అక్కడి రైతు కులం) సంగతి తెలుసుకోవాలని పిచ్చి.

బస సంగతి ముందే చెప్పేస్తా. మొదటి రాత్రి ఆన్‌లైన్‌లో బుక్ చేసిన హోటల్‌లో గీజర్ పనిచేయలేదు, అడిగితే 'పది నిమిషాలు' అన్నాడు, ఆ పది నిమిషాలు తెల్లారేదాకా సాగాయి. ఆ చలికి బకెట్ వైపు చూడాలన్నా భయమేసింది. పొద్దున్నే పక్షుల పార్కు దగ్గర ఒక ఇంట్లో గది తీసుకున్నాం, వేడినీళ్ళు, మందంగా రజాయిలు, రాత్రికి సజ్జ రొట్టె, కఢీ. అలాంటి ఇళ్ళే వెతుక్కోండి.

లోహాగఢ్ కోట ఊరి మధ్యలోనే ఉంది. 1805లో ఇంగ్లీషు సేనాని లార్డ్ లేక్ నాలుగుసార్లు మీద పడ్డా కోట లొంగలేదు, ఇంగ్లీషువాళ్ళ వైపు మూడువేల మందికి పైగా చచ్చిపోవడమో గాయపడటమో జరిగింది. కారణం మట్టి. ఫిరంగి గుండ్లు వచ్చి ఆ మట్టిగోడల్లో కూరుకుపోయేవి. చివరికి 1826లో పడింది లెండి. లోపల జవాహర్ బురుజు మీద ఒక ఇనుప స్తంభం ఉంది, దాని మీద రాజుల వంశావళి చెక్కారు. కోట ఇప్పుడు సగం ఆఫీసులు, సగం ఇళ్ళు, కాబట్టి రెండు గంటలు చాలు.

అసలు ఆ వంశం పేరు ఎక్కడిదంటే, డీగ్‌కి దగ్గర్లో ఉన్న సిన్సిని అనే పల్లెది. ఊరి పేరే గోత్రమైంది. తాము యదువంశం వాళ్ళమని, బయానా వైపు నుంచి వచ్చామని వాళ్ళు చెప్పుకుంటారు. వ్రజభూమి కదా, కృష్ణుడి దాకా వెళ్ళకుండా ఏ కథా ఆగదు. 1688లో ఆగ్రా దగ్గర సికంద్రాలో అక్బర్ సమాధిని దోచిన రాజారామ్ ఈ ఊరివాడే. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు గోకులా అనే జాట్ నాయకుడిని ఆగ్రాలో మొగలులు చంపించారు, దానికి ఇది పగ అంటారు. రాజారామ్ తర్వాత చూరామన్, ఆ తర్వాత బదన్ సింగ్, ఆయన కొడుకు సూరజ్‌మల్. పల్లె రైతులు మూడు తరాల్లో రాజులైపోయారు.

సిన్సినిలో చూడటానికంటూ పెద్దగా ఏమీ లేదు, ఆవాల చేలు, గేదెలు, పిడకల గుట్టలు. కానీ ట్రిప్పు మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఇదే. మా టాక్సీ డ్రైవర్‌కి తెలిసిన ఇంట్లో అరుగు మీద కూర్చోబెట్టి ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు. హుక్కా ముందు ఉన్న పెద్దాయన్ని అందరిలాగే నేనూ తావూజీ (పెదనాన్న) అన్నా. "రామ్ రామ్" అవ్వగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: నీ గోత్రం ఏంటి బేటా?

చెప్పా. మా ఆవిడ పుట్టింటి గోత్రం అడిగాడు. అదీ చెప్పా. మీ అమ్మ పుట్టింటిది? "అదేనండీ, ఈమె మా మేనమామ కూతురే."

హుక్కా గొట్టం ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. వాళ్ళలో సొంత గోత్రం, అమ్మ గోత్రం, నానమ్మ గోత్రం ఇవన్నీ వదిలేసి సంబంధం చూడాలి, పాత పద్ధతిలో అమ్మమ్మదీ కలిపి నాలుగు. పైగా ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలంతా చెల్లెళ్ళ కిందే లెక్క, కాబట్టి కోడలు వేరే ఊరి నుంచి రావాల్సిందే. మనకి వరసైన పిల్ల వాళ్ళకి చెల్లెలు! మా దగ్గర మేనమామకి పిల్లనడిగే హక్కుండేదని, ఇవ్వకపోతే గొడవలయ్యేవని డ్రైవర్‌తో చెప్పించా. లోపలి నుంచి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి మా ఆవిడని వింతగా చూశారు. ఆమెకేమో నవ్వు ఆగట్లేదు.

డీగ్ మాత్రం వదలకండి. ఒక్కరోజే ఉంటే భరత్‌పూర్ కోట మానేసి ఇక్కడికే రండి. రెండు చెరువుల మధ్య సూరజ్‌మల్ కాలం మహళ్ళు, వందల కొద్దీ ఫౌంటెన్లు. మోటార్లు లేవు, పైన పెద్ద నీళ్ళ తొట్టి, దాని గోడకి కన్నాలు, ఒక్కో కన్నం ఒక్కో గొట్టానికి. పండగప్పుడు ఆ కన్నాల్లో రంగు మూటలు పెడితే కింద రంగునీళ్ళు చిమ్ముతాయి. మేం వెళ్ళినప్పుడు అన్నీ ఎండిపోయి ఉన్నాయి, ఉసూరుమనిపించింది. గైడ్ లేకపోతే ఆ కన్నాల సంగతి తెలియదు, బేరమాడి పెట్టుకోండి.

పక్షుల పార్కు ఆఖరి పొద్దున చూశాం, రిక్షాలో. ఒకప్పుడు అది ఇదే వంశం రాజులు బాతుల్ని వేటాడిన చోటు. మా రిక్షా అతను గోత్రం అడగబోతుంటే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.