‘రాక్షసుడు’, ‘ఎవరు’: చెవులకి ఏది మేలు?

థ్రిల్లర్ చూద్దామనుకున్న ప్రతిసారీ మా ఫ్రెండ్స్ నన్ను అడిగేది ఒకటే: ‘రాక్షసుడు’ పెట్టాలా, ‘ఎవరు’ పెట్టాలా? రెండూ 2019 ఆగస్టులోనే వచ్చాయి, మధ్యలో రెండు వారాలు కూడా లేవు. ఒకటి తమిళ ‘రాట్చసన్’ రీమేక్, ఇంకోటి స్పానిష్ సినిమా ఆధారంగా తీసింది. కథలు మీకు తెలిసే ఉంటాయి. పోయిన వారం రాత్రి లైట్లు ఆర్పేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కేవలం బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కోసం రెండూ మళ్లీ చూశాను.

‘ఎవరు’ మాటల మీద నడిచే సినిమా. రెజీనా, అడివి శేష్ ఎదురెదురుగా కూర్చుంటారు. జరిగింది ఒకటే, చెప్పే కథే పూటకోలా మారుతుంటుంది. అలాంటి చోట సంగీతం గొంతు పెంచితే డైలాగ్ మునిగిపోతుంది. సంగీత దర్శకుడు శ్రీచరణ్ పాకాలకి ఆ సంగతి తెలుసు, చాలావరకు మాటల కిందే ఉండిపోయాడు. వంక పెట్టడానికేం లేదు. కానీ సినిమా అయ్యాక ఒక్క ట్యూన్ హమ్ చేద్దామంటే నా వల్ల కాలేదు.

నేను చూసేది ఒక్కటే: సంగీతానికి కథలో పనుందా?

‘రాక్షసుడు’లో ఉంది. తమిళానికీ తెలుగుకీ సంగీతం జిబ్రానే చేశాడు. హంతకుడి వెనక పియానో మీద ఓ చిన్న ట్యూన్ ఉంటుంది, పిల్లల్ని ఆడించడానికి వాయించినట్టు. మనల్ని భయపెట్టడానికే వేశారనుకుంటాం. తర్వాత చనిపోయిన అమ్మాయి చెవి మిషన్ పుణ్యమా అని దొరికిన ఆడియోలో హీరో కూడా అలాంటిదే వింటాడు. మళ్లీ వెనక్కి తిప్పి వింటాడు. మనం స్కోర్ అనుకున్నది కాస్తా కేసులో ఆధారమైపోయింది! (ఇంతకంటే చెబితే చూడనివాళ్లు తిడతారు.)

లోపాల్లేవని కాదు. గిఫ్ట్ బాక్సులో బొమ్మ తల లాంటి సీన్లకి అంత మోత అక్కర్లేదు, ఆ బొమ్మే చాలు. లవ్ ట్రాక్ వచ్చినప్పుడు నేను లేచి మంచినీళ్లు తాగొచ్చాను.

‘హిట్’ అనే థ్రిల్లర్ సంగతేంటని కూడా అడుగుతారు. 2020లో వచ్చింది, వివేక్ సాగర్ స్కోర్. బాగుంటుంది, తీరిగ్గా చూడొచ్చు.

ఈ శనివారం ఒక్కదానికే టైముంటే ‘రాక్షసుడు’ పెట్టండి. పక్క గదిలో మిక్సీ తిరుగుతుంటే మాత్రం రెండూ వద్దు.