టర్కీ టెయిల్ పుట్టగొడుగు పొడి: 14 నెలలు వాడాక

వెంటవెంటనే రెండుసార్లు యాంటీబయాటిక్స్ కోర్సు వాడాల్సి రావడంతో నా కడుపు పాడైంది. సాయంత్రమయ్యేసరికి ఉబ్బరం, మూడు రోజులకోసారి మోషన్. ప్రోబయాటిక్ మాత్రలు వేసుకున్నన్నాళ్లూ కాస్త నయం, మానేస్తే మళ్లీ మొదటికే. అప్పుడు పట్టుకున్నాను ఈ పొడిని.

ఇది ప్రోబయాటిక్ కాదు. ఇందులో బతికున్న బ్యాక్టీరియా ఉండదు, పేగుల్లో ఉన్నదానికి మేత ఉంటుంది. పుట్టగొడుగు కణాల గోడల్లోని బీటా గ్లూకాన్లు అనే పీచుపదార్థాలను అరిగించే ఎంజైములు మనకు లేవు. అవి పెద్దపేగు దాకా వెళ్లాక అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలు ఎక్కువగా బతికేది ఆ బ్యూటిరేట్ మీదే.

2014లో వచ్చిన ఒక అధ్యయనం చదివి దీన్ని ఎంచుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న 24 మందిలో కొందరికి టర్కీ టెయిల్ నుంచి తీసిన పీఎస్‌పీ (పాలీశాకరోపెప్టైడ్) అనే పదార్థం, కొందరికి అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. అమోక్సిసిలిన్ తెచ్చిన మార్పులు మందు ఆపాక 42 రోజుల వరకూ పేగుల్లో కనబడ్డాయట. నా బాధ వట్టి అనుమానం కాదని అప్పుడు ధైర్యం వచ్చింది. అయితే 24 మంది మరీ తక్కువ, పైగా వాళ్లెవరికీ జబ్బు లేదు. అందుకే దీన్ని మందులా కాక పీచులా చూస్తూ వచ్చాను.

మొదటి డబ్బా విషయంలో మోసపోయాను. దాని మీద 'పాలీశాకరైడ్లు' (చక్కెర అణువుల గొలుసులు, బీటా గ్లూకాన్లూ ఆ కోవవే) అని పెద్ద అంకె ఉంది. పిండిపదార్థం కూడా పాలీశాకరైడే అని నాకు తట్టలేదు. రెండు నెలలు వాడినా మార్పు లేకపోయేసరికి చెంచాడు పొడి వేడినీళ్లలో కలిపి, పూర్తిగా చల్లారాక రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేశాను. చూస్తుండగానే గ్లాసంతా సిరా పోసినట్టు నల్లటి నీలం! అయోడిన్ అలా నీలమయ్యేది పిండి తగిలితేనే. పుట్టగొడుగు దాచుకునేది గ్లైకోజన్ అనే వేరే పదార్థం, పిండి కాదు. అంటే ధాన్యం మీద పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి కొట్టారన్నమాట. రెండో డబ్బా ఫ్రూటింగ్ బాడీ (పైకి కనబడే పుట్టగొడుగు భాగం) నుంచి వేడినీటితో తీసింది, బీటా గ్లూకాన్ శాతం విడిగా రాసి ఉంది. అదే పరీక్ష చేస్తే నీలం జాడే లేదు.

ఇది ఒకేసారి పూర్తి చెంచా వేసుకుంటే నాలుగు రోజులు విపరీతమైన గ్యాస్. పావు చెంచాకి దిగి, నెల తర్వాత అరకి పెంచాను. ఆరో వారంలో మోషన్ రోజూ అవడం మొదలైంది, ఉబ్బరం సగానికి పైగా తగ్గింది. నీళ్లు, నడక కూడా ఆ రోజుల్లోనే పెంచాను కాబట్టి అనుమానం తీరక మూడు వారాలు పొడి మాత్రం ఆపి చూశాను. పదో రోజుకల్లా ఉబ్బరం తిరిగొచ్చింది.

నిద్ర, చర్మం, చురుకుదనం అని డబ్బా మీద రాసినవేవీ నాకు కనబడలేదు. ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు, ఎందుకంటే ఈ బీటా గ్లూకాన్లు రోగనిరోధక కణాలను కదిలిస్తాయి.

ఇప్పటికీ పొద్దున్నే అర చెంచా, వేడినీళ్లలో. తడి చెక్క వాసన వస్తుంది కానీ చేదు లేదు.