పిల్లలతో ఊటీలో బస: హోటల్ గది మేలా, అద్దె ఇల్లు మేలా?

వేసవి సెలవులకు నీలగిరి కొండలకు బయలుదేరే తెలుగు కుటుంబాలు బస విషయంలో మొదట చూసేది అద్దె ఎంత అన్నదే. అద్దె ముఖ్యమే. అయితే బడి వయసు రాని పిల్లలు వెంట ఉన్నప్పుడు సెలవు హాయిగా గడుస్తుందా లేదా అన్నది వేరే విషయాల మీద ఆధారపడుతుంది: బిడ్డ నిద్రపోయాక పెద్దలు ఎక్కడ కూర్చుంటారు, తెల్లవారగానే ఆకలంటే ఏం పెడతారు, అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరిని లేపుతారు. మొదటి రెండింటికీ ఇల్లు అనుకూలం, మూడోదానికి హోటల్ అనుకూలం.

నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద తేడా ఒక తలుపు. హోటల్‌లో నలుగురికీ ఒకటే గది కాబట్టి, రోజంతా తిరిగి అలసిన బిడ్డ ఎనిమిదింటికి పడుకుంటే మిగతావాళ్ళు కూడా లైటు ఆర్పి, గొంతు తగ్గించి, ఫోన్ వెలుగులో కాలక్షేపం చేయవలసిందే. మేలో కూడా ఊటీలో రాత్రిపూట స్వెటర్ లేకుండా బయట కూర్చోలేం కనుక వసారా కూడా అక్కరకు రాదు. రెండు గదులు తీసుకుంటే తల్లి ఒక గదిలో, తండ్రి ఒక గదిలో అన్నట్టు కుటుంబం విడిపోతుంది. మధ్యలో తలుపు ఉన్న జంట గదులు అన్ని హోటళ్ళలోనూ ఉండవు. అదే రెండు పడకగదుల ఇల్లయితే పిల్లలను పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, హాల్లో అమ్మమ్మా తాతయ్యలతో కబుర్లు చెప్పుకోవచ్చు. సెలవులో పెద్దలకు దక్కే సమయం అదొక్కటే కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసివేయకూడదు.

వంటిల్లు ఉండటం రెండో లాభం. హోటళ్ళలో టిఫిన్ మొదలయ్యేది ఏడున్నరకో ఎనిమిదింటికో. పిల్లలు లేచేది ఆరింటికి. పాలు కాచుకోవడానికి, ఉగ్గు కలపడానికి, కారం తినలేని పిల్లకు ఇంత చారన్నం వండిపెట్టడానికి చేతికందే దూరంలో పొయ్యి ఉండటం గొప్ప వెసులుబాటు. అయితే ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. అందువల్ల మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, కుక్కర్ తప్పనిసరి. ఇంటివారి దగ్గర కుక్కర్ ఉందా, దాని గాస్కెట్ సరిగా ఉందా అని ముందే అడగాలి, లేదా రెండు లీటర్ల చిన్న కుక్కర్ వెంట తీసుకువెళ్ళాలి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలపై నిషేధం ఉంది కాబట్టి స్టీలు సీసాలు, ఒక ఫ్లాస్కు కూడా సర్దుకోవాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వంటిల్లు ఉంది కదా అని మూడు పూటలా వంట తల్లి మీద పెడితే ఆమెకు అది సెలవు కాదు, చలిలో చేసే చాకిరీ. అందుకే వండిపెట్టే మనిషి ఉన్న ఇల్లే తీసుకోవాలని నా అభిప్రాయం. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు ఆ మనిషికి అప్పగించి, పిల్లల పాలూ చారన్నాల వరకే మనం పొయ్యి వెలిగించాలి. అలాంటి ఇల్లు దొరకకపోతే, ఇంటిల్లిపాదీ పని పంచుకునే అలవాటు లేకపోతే, హోటలే మేలు.

ఇక రాత్రివేళ అవసరాల సంగతి. మైసూరు నుంచి వచ్చే దారిలో బందీపూర్ అడవి రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మామూలు వాహనాలకు మూసివేస్తారు. గేటు మూసే వేళకు ముందు దాటినవారు ఊటీ చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ వేళ హోటల్‌లో ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. తేయాకు తోటల మధ్య ఉన్న ఇంటికి దారి వెతుక్కుంటూ, ఎత్తని ఫోన్‌కు మళ్ళీ మళ్ళీ చేస్తూ, వెనక సీట్లో వాంతి చేసుకున్న బిడ్డతో తిరగడం చాలా కష్టం. కరెంటు పోయినా, వేడినీళ్ళు రాకపోయినా, డాక్టరు కావలసివచ్చినా హోటల్‌లో అడిగేందుకు మనిషి ఉంటాడు.

అద్దె ఇళ్ళ ఫొటోల్లో కనిపించని ప్రమాదాలను ప్రత్యేకంగా చూసుకోవాలి. బాల్కనీ కమ్మీల సందులో పిల్లవాడి తల దూరుతుందా, మెట్లకు అడ్డు ఉందా అన్నవి వీడియో కాల్‌లో చూపించమంటే మంచి యజమాని విసుక్కోడు. స్నానాల గదిలోనే గ్యాస్ గీజర్ ఉంటే ఆ ఇల్లు వద్దు. చలికి బొగ్గుల కుంపటిని మూసిన గదిలోకి తెచ్చుకోవడం ఎంతమాత్రం చేయకూడదు. ఈ రెండింటి నుంచీ వెలువడే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. కూనూర్, కోటగిరి వైపు తోటల్లో అడవిదున్నలు ఇళ్ళ దాకా వస్తాయి కాబట్టి పొద్దు వాలాక పిల్లలను పెరట్లోకి ఒంటరిగా వదలరాదు.

ఖర్చు లెక్క కుటుంబాన్ని బట్టి మారుతుంది. హోటల్ గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపైతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. ఇంటికి శుభ్రం చేసే రుసుము, ముందస్తు డిపాజిట్ కలిపి చూడాలి. అమెరికా నుంచి వచ్చిన పిల్లలకు విదేశీ పాస్‌పోర్టు ఉంటే బస ఇచ్చినవారు 24 గంటల్లోగా వాళ్ళ వివరాలను అధికారులకు దాఖలు చేయాలి. హోటళ్ళకు ఇది అలవాటే, ఇంటి యజమానిని మాత్రం ముందే అడగాలి.

రెండు రాత్రుల ప్రయాణమైతే నేను హోటలే ఎంచుకుంటాను, ఎందుకంటే సామాను విప్పి, వంటిల్లు సర్దుకునేలోపే తిరుగు ప్రయాణం వస్తుంది. మూడు రాత్రులు దాటి, ఆరేళ్ళ లోపు పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి వెళ్తుంటే వండే మనిషి ఉన్న ఇల్లు మేలు. హైదరాబాదు నుంచి కారులో వెళ్ళేవారు మొదటి రాత్రి మైసూరు హోటల్‌లో ఆగి, మర్నాడు ఉదయం బందీపూర్, గూడలూరు మీదుగా బయలుదేరితే మధ్యాహ్నానికి ఇంటికి చేరి, వెలుగుండగానే గీజరూ, మెట్లూ, తలుపు గడియలూ చూసుకోవచ్చు.